‘ది పెంటగాన్ వార్స్’ సినిమాలో నిజమెంత? బండి సంగతి వేరు, టెస్టుల సంగతి వేరు

ప్రశ్న: 1998లో హెచ్‌బీఓ తీసిన ‘ది పెంటగాన్ వార్స్’ ఈమధ్యే చూశాను. బ్రాడ్లీ అనే ఆ సైనిక వాహనం నిజంగా అంత పనికిమాలినదా? టెస్టుల్లో ఇంధనం బదులు ట్యాంకులో నీళ్లు పోయడం నిజంగా జరిగిందా, కామెడీ కోసం అల్లిందా?

జవాబు:

నీళ్లు పోసింది నిజం. బండి పనికిమాలినదన్నది నిజం కాదు. సినిమా చూసినవాళ్లలో ఎక్కువమందికి ఇది తలకిందులుగా గుర్తుంటుంది. డిజైన్ సీను జరిగినట్టు, టెస్టు సీన్లు నవ్వించడానికి పెంచినట్టు అనుకుంటారు. ఇంటర్నెట్‌లో చక్కర్లు కొట్టే క్లిప్పు కూడా ఆ డిజైన్ సీనుదే కాబట్టి వాళ్లను అనీ లాభం లేదు. ఫైరింగ్ రేంజ్ పని తెలిసినవాళ్లు మాత్రం మొదటి సగానికి నొసలు చిట్లిస్తారు, రెండో సగానికి తలూపుతారు.

ముందు డిజైన్ సీను. సినిమాలో కల్నల్ స్మిత్ చేతికి ఒక మామూలు సైనికుల బండి బొమ్మ ఇస్తారు. వచ్చిన ప్రతి జనరల్ ఒకటి తగిలిస్తాడు. ఒకాయన ఫిరంగి అంటాడు, ఇంకొకాయన కిటికీలంటాడు, మరొకాయన మిసైలంటాడు. స్మిత్ ర్యాంకు పెరుగుతూ పోతుంది, బండిలో సీట్లు తగ్గుతూ పోతాయి. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెతకి ఇంతకంటే మంచి దృశ్యం దొరకదు. కాకపోతే చరిత్ర అలా నడవలేదు.

1967 నవంబరులో మాస్కో పరేడ్‌లో సోవియట్ వాళ్లు బీఎంపీ-1ను బయటపెట్టారు. 73 మి.మీ. ఫిరంగి, దానిపైన ట్యాంకుల్ని కొట్టే మిసైలు, వెనక ఎనిమిది మంది సైనికులు, వాళ్లు లోపలినుంచే కాల్చడానికి పక్కల్లో కన్నాలు. అప్పటికి అమెరికా దగ్గరున్నది ఎం113. అల్యూమినియం డబ్బా, పైన ఒక హెవీ మెషిన్‌గన్. యుద్ధం దగ్గర దింపి పక్కకు తప్పుకోవడమే దాని పని. బీఎంపీకి దీటైనది కావాలన్నదే అసలు గిరాకీ. అంటే టరెట్ (బండి పైన తిరిగే ఫిరంగి గూడు), ఫిరంగి, కాల్పుల కన్నాలు మొదటినుంచీ జాబితాలో ఉన్నవే. ఏ జనరల్‌కో తెల్లారేసరికి పుట్టిన కోరికలు కావు. 1972లో ఎఫ్ఎంసీ కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చిన ఎక్స్ఎం723 నమూనాలోనే ఒకడు కూర్చునే టరెట్, 20 మి.మీ. ఫిరంగి ఉన్నాయి.

అసలు మలుపు 1976లో వచ్చింది. జనరల్ లార్కిన్ నాయకత్వంలో వేసిన బృందం ఇద్దరు కూర్చునే టరెట్ పెట్టమంది, ట్యాంకుల్ని కొట్టే టో మిసైలు తగిలించమంది. ఆ తర్వాత ఫిరంగి 25 మి.మీ. బుష్‌మాస్టర్ అయింది. ఇద్దరెందుకంటే, టరెట్‌లో గన్నర్ ఒక్కడే ఉంటే బండి కమాండర్ కింద కూర్చోవాలి, వాడికి చుట్టూ కనపడదు. శత్రువుని ముందు చూసేది కమాండరే అయ్యుండాలి కాబట్టి ఇది సబబైన మార్పే. దానికి ధర మాత్రం వెనక సీట్లలో కట్టారు. టరెట్ కింద వేలాడే బుట్ట నేల మీద చోటంతా మింగేసింది. లాంచర్‌లో ఉండే రెండు టో మిసైళ్లకు తోడు ఇంకో ఐదు లోపల పడుకోబెట్టాలి. కాల్చడానికి సిద్ధంగా ఉంచే 300 గుండ్లు కాక మరో 600 గుండ్లు ఎక్కడో సర్దాలి. చివరికి ముగ్గురు సిబ్బంది పోను తొలి ఎం2లో (బ్రాడ్లీలో పదాతి దళం బండి పేరు ఇది) వెనక మిగిలింది ఆరుగురికి చోటు. అమెరికా పదాతి స్క్వాడ్‌లో తొమ్మిది మంది. ఒక స్క్వాడ్ ఒక బండిలో పట్టదన్న సినిమా ఫిర్యాదు కాబట్టి అక్షరాలా నిజం. నిఘా దళాల కోసం చేసిన ఎం3లో అయితే వెనక కూర్చునేది ఇద్దరే, మిగతా చోటంతా మందుగుండే. దాదాపు మూడు మీటర్ల ఎత్తున్న బండి దొంగచాటుగా నిఘా వేయలేదన్న ఎగతాళిలోనూ పస ఉంది.

తొమ్మిది మందికీ చోటివ్వమని పట్టుబడితే ఏమవుతుందో తర్వాత తేలింది. బ్రాడ్లీ స్థానంలో తేవాలనుకున్న గ్రౌండ్ కాంబాట్ వెహికల్‌కు ఆ షరతు పెట్టారు. ఆపైన మందుపాతరలనుంచి రక్షణ కావాలన్నారు. నమూనాల బరువు అంచనాలు 60 టన్నులు దాటాయి, ట్యాంకుతో సమానం. 2014లో ఆ ప్రాజెక్టు మూతపడింది. సీట్లు, కవచం, బరువు – మూడింట్లో రెండే మన చేతిలో ఉంటాయి, మూడోది అవే లెక్కగట్టుకుంటాయి. బ్రాడ్లీ కమిటీ ఈ లెక్క చేయకుండా కూర్చుందని చెప్పడం అన్యాయం.

కాల్పుల కన్నాల విషయంలో మాత్రం సినిమాదే పైచేయి. ఆ కన్నాలకోసం ఎం231 అని ప్రత్యేకంగా ఒక తుపాకీ చేశారు. ఎం16కి పొట్టి తమ్ముడు. ముందు భాగంలోని మరలతో కన్నంలోని గోళంలో బిగిస్తారు. గురి చూసుకునే ఏర్పాటు అంటూ ఏమీ లేదు, పైనున్న పెరిస్కోపు అద్దంలోంచి చూస్తూ, వెలుగు విరజిమ్మే ట్రేసర్ తూటాలు ఎటు పోతున్నాయో కనిపెట్టి చేయి తిప్పుకోవాలి. కుదుపుల్లో పరిగెత్తే బండిలోంచి ఇలా కొట్టి ఎవరికైనా తగిలిస్తే అదృష్టమే. బ్రాడ్లీని మెరుగుపరిచిన ఏ2 రకం వచ్చేసరికి పక్క కన్నాలన్నీ పలకలు వేసి మూసేశారు, వెనక తలుపులో రెండే మిగిలాయి.

సినిమాలో పదేపదే వినిపించే 17 ఏళ్లు, 14 బిలియన్ డాలర్ల మాటకొస్తే, దాన్ని బొమ్మలు గీయడానికే ఆ డబ్బంతా తగలేసినట్టు వాడుతుంది సినిమా. మొత్తం తయారైన బ్రాడ్లీలు 6,700కు పైనే. 14 బిలియన్లను ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్కో దానికి రెండు మిలియన్ల పైచిలుకు వస్తుంది. ఇలాంటి అంకె వినగానే మొదట అడగాల్సింది ఇదే. ఇది డిజైన్ ఖర్చా, బండ్ల ధర కూడా కలిపిందా? రెంటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే ఏ దేశపు ఆయుధమైనా కుంభకోణంలాగే వినపడుతుంది.

ఇక టెస్టులు. సినిమా సత్తా అంతా ఇక్కడుంది.

ముందు ఒక అపోహ పోవాలి. బ్రాడ్లీ కవచాన్ని ఆర్పీజీ (భుజం మీంచి కాల్చే ట్యాంకు వ్యతిరేక రాకెట్టు) చీల్చేస్తుందని, ఈ టెస్టుల్ని తప్పుపట్టిన అధికారి జేమ్స్ బర్టన్ కనిపెట్టలేదు. అది ఆర్మీకి ముందే తెలుసు. బ్రాడ్లీ కవచం 14.5 మి.మీ. మెషిన్‌గన్ తూటాల్నీ, దగ్గర్లో పేలిన 155 మి.మీ. గుండ్ల ముక్కల్నీ ఆపడానికి లెక్కగట్టినది. ఆర్పీజీ-7 తొలి రకం కూడా 250 మి.మీ. పైనే ఉక్కును చీలుస్తుంది. కాబట్టి చీలుతుందా లేదా అన్నది అసలు ప్రశ్న కానే కాదు. చీల్చాక లోపల ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. కవచం లోపలి ముఖంనుంచి ఊడిపడే లోహపు పెచ్చులు ఎంత విస్తారంగా చిమ్ముతాయి? ఆ దారిలో ఇంధనం ఉందా, టో మిసైలు ఉందా? అల్యూమినియం రజను అంటుకుని వచ్చే మెరుపు, పీడనం, పొగ లోపలివాళ్లని ఏం చేస్తాయి? నిప్పునార్పే హాలోన్ వాయువు సమయానికి తెరుచుకుంటుందా? వీటికి కాగితం మీద జవాబులుండవు, కాల్చి చూడాలి.

సక్రమంగా చేసే టెస్టు ఇలా ఉంటుంది. మొదట ఏ ఆయుధంతో కొట్టాలో జాబితా రాసుకుంటారు. ఎదుటివాడి దగ్గర వాస్తవంగా ఉన్నవే అందులో ఉండాలి. తర్వాత ఎక్కడ, ఏ కోణంలో తగలాలో గీతలు గీస్తారు. రాకెట్టును దూరంనుంచి ప్రయోగిస్తే గురి తప్పుతుంది కాబట్టి చాలాసార్లు దాని వార్‌హెడ్‌ను (పేలే ముందు భాగాన్ని) స్టాండు మీద, కవచానికి సరైన ఎడంలో నిలబెట్టి తీగతో పేలుస్తారు. లోపల సైనికుల సీట్లలో డమ్మీలనో, మనిషి ఆకారంలో కోసిన ప్లైవుడ్ పలకలనో పెడతారు. పీడనం, వేడి కొలిచే సెన్సర్లు, విషవాయువుల నమూనా తీసే గొట్టాలు, హైస్పీడ్ కెమెరాలు బిగిస్తారు. పేలాక పేలనివి ఏవైనా మిగిలాయేమో చూసేదాకా ఎవరూ దగ్గరికి పోరు. ఆ తర్వాత మొదలయ్యేది చాకిరీ. ఏ పలకలో ఎన్ని కన్నాలు పడ్డాయి, ఒక్కోటి ఎంత లోతు, ఏ వైరు తెగింది, ఏ గొట్టం కారుతోంది, బండి కదులుతుందా, కాల్చగలదా, ఎన్ని గంటల్లో బాగవుతుంది – అన్నీ రాసుకోవాలి. ఒక్క షాట్‌కి రోజుల తరబడి పని పడుతుంది.

ఇందులో ఎక్కడా అబద్ధం ఆడకుండానే ఫలితాన్ని మార్చేయొచ్చు. సినిమా చూపించింది సరిగ్గా అదే. 1980ల నడుమ మేరీలాండ్‌లోని అబర్డీన్ రేంజ్ టెస్టుల మీద బర్టన్ పెట్టిన అభ్యంతరాలు చూడండి. ఇంధనపు ట్యాంకుల్లో నీళ్లు. మందుగుండు స్థానంలో పేలనివి, ఇసుక నింపినవి. సోవియట్ ఆర్పీజీకి బదులు రొమేనియాలో తయారైన, పేలుడు పదార్థం తక్కువున్న రాకెట్లు. గురి కూడా ముందే ఎంచుకున్న చోట్ల మీదే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సమర్థించుకోవచ్చు. నీళ్ల సంగతే తీసుకోండి. రాకెట్టు పేలినప్పుడు దూసుకొచ్చే లోహపు ధారను ఆపడంలో నీళ్లూ డీజిలూ పెద్ద తేడా చూపవు. తేడా తర్వాత వస్తుంది. చీలిన ట్యాంకులోంచి డీజిల్ సన్నని తుంపరగా లోపలికి చిమ్మితే, మామూలుగా అంత సులువుగా అంటుకోనిది కూడా మంటల బంతి అవుతుంది. నీళ్లయితే నేల తడుస్తుంది. రిపోర్టులో మాత్రం రెంటికీ ఒకటే మాట రాస్తారు: ఇంధనపు ట్యాంకుకు చిల్లు. చదివే మంత్రికి ఆ వాక్యం వెనక మంట ఉందో తడి ఉందో తెలిసే దారి లేదు.

ఆర్మీ వాదన కూడా చెప్పాలి, సినిమా దాన్ని జోకుగా తేల్చేసింది గనక. నిండా మందుగుండు, ఇంధనం ఉన్న బండిని కొడితే అది తగలబడిపోతుంది. మిగిలేది కరిగిన అల్యూమినియం ముద్ద. ఏ పెచ్చు ఎటుపోయింది, ఏ గోడ ఎంత ఆపింది అన్నది ఆ ముద్దలో కనపడదు. ఖరీదైన బండి పోయి ఒకే ఒక్క వాక్యం దొరుకుతుంది: తగలబడింది. అదే పేలని సరుకుతో కొడితే ఒకే బండిని మరమ్మతు చేసుకుంటూ చాలాసార్లు కొట్టొచ్చు, కంప్యూటర్ మోడల్‌కి అంకెలు దొరుకుతాయి. ఇంజినీర్ల దృష్టిలో ఇందులో తప్పేం లేదు. ముందు పలకలు, తర్వాత ఖాళీ బండి, చివర నిండు బండి – ఈ వరుస ఇప్పటికీ పాటిస్తారు. చిక్కు ఎక్కడంటే, ఆర్మీ రెండో మెట్టు మీద ఆగిపోయి మూడోది కూడా ఎక్కేసినట్టు చెప్పబోయింది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు, బండి కొంటున్న ఆర్మీ కిందే రేంజ్ కూడా ఉంది. బర్టన్ వాయుసేన కల్నల్, రక్షణ మంత్రి కార్యాలయంలో కూర్చున్నవాడు. అందుకే అడ్డు చెప్పగలిగాడు. సినిమాలో ఆయన్ని లెఫ్టినెంట్ కల్నల్‌గా, ఏమీ తెలియకుండా వచ్చిన కొత్తవాడిగా చూపించారు గానీ, అప్పటికే పెంటగాన్ లోతుపాతులు ఎరిగినవాడు. 1984లో అలాస్కాకి బదిలీ చేయబోయిన మాట వాస్తవమే. అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యులు గోల చేశాక అది ఆగింది. 1986లో మళ్లీ బదిలీ కాగితం వచ్చినప్పుడు రిటైరై పోయాడు. 1993లో పుస్తకం రాశాడు, సినిమాకి ఆధారం అదే.

ఆయన వెళ్లాక వచ్చిన చట్టం సినిమా కంటే ఆసక్తిగా ఉంటుంది. 1987 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో లైవ్ ఫైర్ టెస్టును తప్పనిసరి చేశారు. భారీ ఎత్తున ఉత్పత్తికి పోకముందే, యుద్ధంలో ఎదురయ్యే ఆయుధాలతో, యుద్ధానికి సిద్ధంగా ఉన్న బండిని కొట్టి చూడాలన్నది షరతు. యుద్ధానికి సిద్ధంగా ఉండటం అంటే ఏమిటో కూడా చట్టమే నిర్వచించింది: మామూలుగా యుద్ధంలో బండి మోసే ప్రమాదకర పదార్థాలన్నీ, మండేవీ పేలేవీ సహా, అందులో ఉండాలి. నీళ్ల ట్యాంకూ ఇసుక డబ్బాలూ ఎవరి కళ్లముందు ఆడుతుండగా ఆ వాక్యం రాశారో ఊహించడం కష్టం కాదు. అయితే అందులోనే ఒక తలుపు కూడా ఉంది. టెస్టు మరీ ఖరీదైనది, ఆచరణకు లొంగనిది అని రక్షణ మంత్రి కాంగ్రెస్‌కు రాసిచ్చి, బదులుగా ఏం చేస్తారో చెబితే మినహాయింపు పొందొచ్చు.

బండిలోనూ మార్పులొచ్చాయి. పెచ్చులు చిమ్మకుండా లోపల కెవ్లార్ పొర వేశారు, మందుగుండు సర్దే చోట్లు మార్చారు, బయట ఉక్కు పలకలు, పేలుడు కవచపు ఇటుకలు తగిలించే ఏర్పాటు చేశారు, ఇంజిన్‌ను 500నుంచి 600 హార్స్‌పవర్‌కు పెంచారు. బరువు దాదాపు 23 టన్నులనుంచి 30 టన్నుల దాకా పోయింది. మొదట్లో చుట్టూ తెర కట్టి నదులు ఈదిస్తామన్న గొప్ప అక్కడితో తీరిపోయింది. బర్టన్ వైపువాళ్లు ఇంధనాన్నీ మిసైళ్లనూ బండి బయటికే తరలించిన ఒక నమూనాను కూడా టెస్టు చేయించారు. ఆర్మీ దాన్ని పూర్తిగా తీసుకోలేదు.

1991 గల్ఫ్ యుద్ధంలో దాదాపు 2,200 బ్రాడ్లీలు రంగంలో ఉన్నాయి. ధ్వంసమైనవి 20, అందులో 17 సొంత పక్షం కాల్పులకే. ఇరాకీలను దెబ్బకొట్టడంలో దాని 25 మి.మీ. ఫిరంగి, టో మిసైళ్లు బాగా పనికొచ్చాయి. 2023నుంచి ఉక్రెయిన్‌లో కూడా, బండి పోయినా లోపలివాళ్లు బతికి బయటపడ్డారన్న పేరు తెచ్చుకుంది. దీన్ని చూపించి బర్టన్ తప్పని వాదించేవాళ్లున్నారు. యుద్ధానికి పోయిన వాటిలో ఎన్నో టెస్టుల తర్వాత మార్చిన ఏ2లే అన్నది వాళ్లు మరిచిపోతారు. అలాగని ఆ సంస్కర్తల గుంపుని దేవుళ్లని చేయక్కర్లేదు. వాయుసేన మాజీ కల్నల్ జాన్ బాయిడ్ చుట్టూ చేరిన ఆ వర్గమే ఎం1 ట్యాంకు, ఎఫ్-15 విమానం కూడా అతి క్లిష్టమైనవని తీసిపారేసింది. అవి యుద్ధంలో ఎలా పనిచేశాయో అందరికీ తెలుసు.

సినిమాలో పూర్తిగా కల్పితాలు: జనరల్ పార్ట్రిడ్జ్ (కెల్సీ గ్రామర్ వేసిన పాత్ర) అనే మనిషి లేడు, సినిమా కోసం పుట్టించిన పాత్ర. టెస్టుకు వాడే గొర్రెల కోసం ప్రత్యేకంగా ఒక ఆఫీసు పుట్టుకొచ్చే సీను హాస్యం. చివర్లో అందరి ఎదుటా బండి పేలిపోవడం సినిమా ముగింపు.

మన దగ్గరి ముడి ఒకటుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1987నుంచి బీఎంపీ-2ను ‘శరత్’ పేరుతో తయారుచేస్తోంది. అంటే బ్రాడ్లీ ఏ బండిని చూసి పుట్టిందో దాని తమ్ముడే మెదక్ బండి. పద్నాలుగు టన్నుల పైచిలుకు, వెనక ఏడుగురు, ఈదుతుంది. దాదాపు 460 లీటర్ల ఇంధనంలో పెద్ద భాగం సైనికులు వీపులానించి కూర్చునే మధ్య ట్యాంకులో ఉంటుంది, మిగతాది దిగే తలుపుల్లోనే. బ్రాడ్లీలో ఇంధనం చోటు చూసి నవ్వినవాళ్లు ఒకసారి ఆ తలుపు తెరిచి చూడాలి. బీఎంపీలో కూడా అందరి కోరికలూ తీర్చలేదు, ప్రాణాపాయాన్ని ఇంకో చోట సర్దారు, అంతే.

గిరాకీల జాబితా చేటంత అవడం మనకూ కొత్త కాదు. ఒకే రైఫిల్‌కి గొట్టం మారిస్తే 5.56 తూటా, 7.62 తూటా రెండూ పేలాలని మన సైన్యం 2011లో టెండరు పిలిచింది. నాలుగేళ్లు ట్రయల్స్, ఫైళ్లు తిరిగి 2015లో అది రద్దయింది. కోరిక పెట్టినవాళ్లు ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు. వేరువేరు దళాలకు వేరువేరు అవసరాలుంటాయి, ఒక్క కాగితం మీద కలిపి రాసేసరికి ఎవరికీ దొరకని వస్తువు తయారవుతుంది.

సినిమా మళ్లీ చూస్తే డిజైన్ క్లిప్పు దాటేసి టెస్టు సీన్లు నిదానంగా చూడండి. తర్వాత ఎప్పుడైనా పేపర్లో ఏదైనా ఆయుధం పరీక్షల్లో నెగ్గిందని కనపడితే ఇవి అడగొచ్చు: కొట్టింది ఏ రకం వార్‌హెడ్‌తో, ఎంత దూరంనుంచి? బండిలో ఇంధనం ఎన్ని లీటర్లు, గుండ్లు అసలువా నకిలీవా? గురి పెట్టే చోటు ఎవరు ఎంచారు, బండి కొంటున్నవాళ్లా వేరేవాళ్లా? నెగ్గడమంటే నిర్వచనం టెస్టుకి ముందు రాశారా, తర్వాత రాశారా? మినహాయింపు ఏదైనా తీసుకున్నారా? ఈ ఐదింటిలో చివరి రెండింటికి జవాబు పత్రికా ప్రకటనల్లో దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆడిట్ రిపోర్టుల్లో ఉంటుంది, అదీ రెండు మూడేళ్ల తర్వాత.